ఇండీ ఫోక్-పాప్

ఇండీ ఫోక్-పాప్ పాశ్చాత్య జనరంజక సంగీతంలో ఒక శైలి. అమెరికా, బ్రిటన్ దేశాల జానపద సంగీతంలోని వాద్యాలను, గాన పద్ధతిని తీసికొని, వాటిని పాప్ పాటల సులభమైన అమరికలో కూర్చడం దీని ప్రధాన లక్షణం. చిన్న సంస్థల ద్వారా, ఇంటిలో చేసిన రికార్డింగుల ద్వారా కొద్దిమంది శ్రోతలకే పరిచయమై ఉన్న ఈ సంగీతం 2009 - 2013 మధ్య కాలంలో ప్రధాన స్రవంతిలోకి ప్రవేశించి, అమ్మకాల పట్టికలలోను, గ్రామీ పురస్కారాలలోను పెద్ద స్థానం పొందినది. వ్యాపార సంగీతానికి దూరంగా పెరిగిన ఒక శైలి తానే వ్యాపార సంగీతంగా ఎట్లా మారినదో తెలిసికొనడానికి దీని చరిత్ర మంచి ఉదాహరణ.

పేరు

"ఇండీ" అనేది స్వతంత్రం అనే అర్థం గల "ఇండిపెండెంట్" అనే ఆంగ్ల పదానికి పొట్టి రూపం. "ఇండియా" అనే పేరుతో దీనికి సంబంధం లేదు. మొదట ఈ మాట సంగీతపు ధోరణిని కాక, అది వెలువడే విధానాన్ని సూచించేది. పెద్ద రికార్డు కంపెనీల ప్రమేయం లేకుండా, స్వతంత్ర పంపిణీదారుల ద్వారా అమ్ముడయ్యే రికార్డుల కొరకు బ్రిటన్‌లో 1980లో ఒక ప్రత్యేక పట్టిక మొదలైనది. కాలక్రమంలో ఈ మాట అర్థం మారి, అటువంటి సంస్థల సంగీతాన్ని పోలిన ధ్వనికి కూడా ఇదే పేరు స్థిరపడినది. "ఫోక్" అంటే జానపదం.

లక్షణాలు

* వాద్యాలు: విద్యుత్తు అవసరం లేని గిటారు, బ్యాంజో, మాండొలిన్, వయొలిన్, అకార్డియన్ ముఖ్యమైనవి. ఇక్కడి బ్యాంజో తోలు బిగించిన గుండ్రటి డోలు వంటి భాగం, పొడవైన మెడ గల తంత్రీ వాద్యం. భారతదేశంలో బ్యాంజో అని కూడా పిలిచే, మీటలు నొక్కి వాయించే బుల్‌బుల్ తరంగ్ వేరు.
* గానం: ఒక్కరే మెల్లగా పాడుతున్నట్లు మొదలై, పల్లవి దగ్గర బృందమంతా గొంతు కలపడం తరచుగా కనిపిస్తుంది.
* లయ: డ్రమ్ములకు బదులుగా, లేదా వాటితో పాటు, కాలితో నేలను తట్టడం, చప్పట్లు కొట్టడం ఉంటాయి.
* సాహిత్యం: ఇల్లు, ప్రయాణం, స్వగ్రామం, విడిపోవడం, పశ్చాత్తాపం వంటి విషయాలు ఎక్కువ.

పూర్వరంగం

జానపద సంగీతం జనాదరణ పొందడం ఇదే మొదటిసారి కాదు. 1958లో కింగ్‌స్టన్ ట్రియో పాడిన "టామ్ డూలీ" అనే పాత జానపద గీతం అమెరికా పట్టికలో మొదటి స్థానానికి చేరినది. 1960లలో జోన్ బేజ్, బాబ్ డిలాన్ వంటివారు ఈ సంగీతాన్ని యువతరానికి చేరువ చేశారు. తరువాతి దశాబ్దాలలో రాక్, డిస్కో, హిప్-హాప్ సంగీతాలు ముందుకు రావడంతో జానపద ధోరణి ప్రధాన స్రవంతి నుండి చాలావరకు తప్పుకొన్నది.

2000 ప్రాంతంలో రికార్డింగు పరికరాలు చౌక కావడంతో ఇంటి వద్దనే ఆల్బమ్ తయారు చేయడం సులభమైనది. "ఐరన్ అండ్ వైన్" పేరుతో పాడే సామ్ బీమ్ ఇంటిలో రికార్డు చేసికొన్న పాటలతో 2002లో సియాటిల్‌కు చెందిన సబ్ పాప్ సంస్థ ఒక ఆల్బమ్ విడుదల చేసినది. జస్టిన్ వెర్నన్ 2006 - 07 శీతాకాలంలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని అడవి ప్రాంతపు ఇంటిలో ఒంటరిగా గడుపుతూ రూపొందించిన పాటలు "బోన్ ఐవర్" పేరుతో వెలువడినవి. 2007లో ఆయన స్వయంగా విడుదల చేసిన ఈ ఆల్బమ్‌ను 2008లో జాగ్‌జాగ్వార్ అనే స్వతంత్ర సంస్థ తిరిగి విడుదల చేసినది.

ప్రధాన స్రవంతిలోకి

ఈ పాటలు పెద్ద సంఖ్యలో శ్రోతలను చేరడానికి చలనచిత్రాలు, వాణిజ్య ప్రకటనలు ముఖ్యమైన మార్గాలైనవి. 1974లో మరణించిన ఆంగ్ల గాయకుడు నిక్ డ్రేక్ పాట "పింక్ మూన్"ను 1999 - 2000 ప్రాంతంలో ఫోక్స్‌వాగన్ కారు ప్రకటనలో వాడిన తరువాత, ఆయన జీవించి ఉన్న కాలంలో అంతగా అమ్ముడుపోని ఆల్బమ్‌లకు కొత్త శ్రోతలు ఏర్పడ్డారు. 2004 నాటి "గార్డెన్ స్టేట్" చిత్రపు పాటల సంకలనం గ్రామీ పురస్కారం పొందినది. 2007లో ఆపిల్ ఐపాడ్ ప్రకటనలో వినిపించిన ఫైస్ట్ పాట అమెరికా పట్టికలో మొదటి పదింటిలోకి వచ్చినది. "జూనో" చిత్రపు పాటల సంకలనం 2008 జనవరిలో ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానం పొందినది.

లండన్‌లో 2007లో ఏర్పడిన మమ్‌ఫర్డ్ అండ్ సన్స్ బృందం ఈ శైలికి అతి పెద్ద విజయం తెచ్చినది. వారి మొదటి ఆల్బమ్ "సై నో మోర్" 2009లో వెలువడినది. 2011 గ్రామీ వేడుకలో ఈ బృందం ఎవెట్ బ్రదర్స్‌తోను, బాబ్ డిలాన్‌తోను ఒకే వేదికపై పాడినది. రెండవ ఆల్బమ్ "బేబెల్" 2012 సెప్టెంబరులో విడుదలై, మొదటి వారంలోనే అమెరికాలో సుమారు 6,00,000 ప్రతులు అమ్ముడై, 2013లో సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ పొందినది. 2012లోనే డెన్వర్‌కు చెందిన ల్యూమినీర్స్ బృందపు "హో హే" వ్యాప్తిలోకి వచ్చి అమెరికా పట్టికలో 3వ స్థానం వరకు చేరినది. ఐస్‌లాండ్‌కు చెందిన ఆఫ్ మాన్‌స్టర్స్ అండ్ మెన్ బృందపు "లిటిల్ టాక్స్" కూడా అదే కాలంలో ప్రసిద్ధమైనది. 2013లో స్వీడన్‌కు చెందిన అవిచీ "వేక్ మి అప్" పాటలో జానపద గిటారును నృత్య సంగీతంతో కలపడంతో ఈ ధ్వని మరింత విస్తరించినది.

విమర్శలు

మొదటి విమర్శ "స్వతంత్రం" అనే మాటకు సంబంధించినది. ల్యూమినీర్స్ మొదటి ఆల్బమ్‌ను స్వతంత్ర సంస్థయే విడుదల చేసినది. కాని మమ్‌ఫర్డ్ అండ్ సన్స్ ఆల్బమ్‌లు బ్రిటన్‌లో యూనివర్సల్ కంపెనీకి చెందిన ఐలండ్ సంస్థ ద్వారా వెలువడినవి. కాబట్టి ఒకే రకంగా వినిపించే రెండు పాటలలో ఒకటి నిజంగా స్వతంత్రమైనది, మరొకటి కానిది కావచ్చును.

రెండవ విమర్శ అనుకరణకు సంబంధించినది. చప్పట్లు, కాలి తాళం, "హే" అనే కేక ప్రకటనలలోను, ఇతర పాటలలోను పదేపదే రావడంతో, ఈ సంగీతాన్ని తరువాతి కాలంలో "స్టాంప్-క్లాప్-హే" అని హేళనగా పిలవడం మొదలైనది.

మూడవది చరిత్రకు సంబంధించినది. బ్యాంజో మూలాలు ఆఫ్రికాలో ఉన్నవి. బానిసలుగా తీసికొని రాబడిన ఆఫ్రికన్లు అమెరికా ఖండంలో దీనిని రూపొందించారు. అయితే ఈ శైలిలో ప్రసిద్ధి పొందిన బృందాలలో అత్యధికులు శ్వేతజాతీయులే కావడంతో ఆ చరిత్ర మరుగున పడినది. 2005లో ఏర్పడిన కరోలినా చాక్లెట్ డ్రాప్స్ అనే నల్లజాతి కళాకారుల బృందం ఆ సంప్రదాయాన్ని తిరిగి వెలుగులోకి తెచ్చి 2011లో గ్రామీ పొందినది. ఆ బృందానికి చెందిన రియానన్ గిడెన్స్ 2024లో బియాన్సే పాట "టెక్సస్ హోల్డ్ ఎమ్"లో బ్యాంజో వాయించింది.

తరువాతి పరిణామాలు

అనుకరణలు పెరిగిన దశలో ఈ శైలికి ప్రసిద్ధి తెచ్చినవారే దాని నుండి దూరంగా జరిగారు. మమ్‌ఫర్డ్ అండ్ సన్స్ 2015 నాటి "వైల్డర్ మైండ్" ఆల్బమ్‌లో బ్యాంజోను వదలి ఎలక్ట్రిక్ గిటారును చేపట్టినది. బోన్ ఐవర్ 2016 నాటి ఆల్బమ్‌లో కంప్యూటర్ ధ్వనులకు ప్రాధాన్యమిచ్చినది.

2020లో కోవిడ్ మహమ్మారి కాలంలో పాప్ గాయని టేలర్ స్విఫ్ట్ "ఫోక్‌లోర్" ఆల్బమ్‌ను విడుదల చేసినది. ఇందులో నేషనల్ బృందానికి చెందిన ఆరన్ డెస్నర్ సహకరించగా, ఒక పాటలో బోన్ ఐవర్ గొంతు కలిపినది. ఈ ఆల్బమ్ 2021లో ఉత్తమ ఆల్బమ్ గ్రామీని పొందినది. వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన నోవా కాహన్ స్వగ్రామంలో ఆకులు రాలిన తరువాత, మంచు కురియడానికి ముందు ఉండే కాలాన్ని గురించి వ్రాసిన "స్టిక్ సీజన్" మొదట టిక్‌టాక్‌లో కొన్ని పంక్తులుగా వినిపించి, 2022లో పాటగా వెలువడి, 2024 జనవరిలో బ్రిటన్ పట్టికలో మొదటి స్థానానికి చేరినది. ఈ రెండు రచనలు కూడా పెద్ద కంపెనీల ద్వారానే వెలువడినవి. స్వతంత్ర సంస్థలకు గుర్తుగా ఉండిన నిరాడంబరమైన ధ్వని ఈ విధంగా ఆ సంస్థల నుండి విడివడి, పాప్ సంగీతంలో ఎవరైనను ఎన్నుకొనగల పద్ధతులలో ఒకటిగా నిలిచినది.