టీవీ వస్తోంది, లైట్లు వెలుగుతున్నాయి, వెబ్‌సైట్ మాత్రం తెరుచుకోవడం లేదా? డీఎన్ఎస్ చూసుకోండి

ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షన్ ఉన్న కుటుంబాల కోసం

స్కాలర్‌షిప్ దరఖాస్తుల సమయంలో ఒక తల్లి మా ఆఫీసుకు వచ్చారు. "సార్, అమ్మాయి కోసం సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నాం. నెట్ రావట్లేదు. రేపే ఆఖరు తేదీ. షాపులో అడిగితే లోపల పార్టు పోయింది, మార్చాలి అంటున్నారు" అన్నారు.

"ఇంట్లో టీవీ వస్తోందా అమ్మా? అదే వైఫై మీద ఫోన్‌లో నెట్ వస్తోందా?" అని అడిగాను. రెండూ వస్తున్నాయన్నారు. అయితే తీగ బాగానే ఉంది, బాక్సూ బాగానే ఉంది. అమ్మాయికి ఫోన్ చేసి ఒక సెట్టింగ్ చూడమన్నాం. ఆ కంప్యూటర్ అంతకుముందు ఏదో ఆఫీసులో వాడినది. ఆ ఆఫీసు డీఎన్ఎస్ నంబరు అందులో అలాగే ఉండిపోయింది. దాన్ని తీసేయగానే సైటు తెరుచుకుంది. ఏ పార్టూ పోలేదు, రూపాయి ఖర్చు కాలేదు.

ఇలాంటి ఇబ్బంది మీకు వస్తే ఏం చూడాలో వరుసగా చెబుతున్నాం.

డీఎన్ఎస్ అంటే ఏమిటి?

ఫోన్‌లో మనం "చిన్నాన్న" అని పేరు నొక్కుతాం. ఫోన్ ఆ పేరుకున్న నంబరు వెతికి కాల్ కలుపుతుంది. ఇంటర్నెట్‌లోనూ అంతే. మనం వెబ్‌సైట్ పేరు కొడతాం, దాని అసలు నంబరు ఏమిటో చెప్పేది డీఎన్ఎస్ సర్వర్. మామూలుగా ఈ సర్వర్ వివరాలు మీ ఇంటి బాక్సు నుంచి ఫోన్‌కు, కంప్యూటర్‌కు వాటంతట అవే అందుతాయి. అక్కడ తప్పు నంబరు ఉంటే నెట్ ఉన్నా సైట్లు తెరుచుకోవు.

ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోండి

1. బాక్సు మీద 'లాస్' అని ఉన్న చోట ఎర్ర లైటు వెలుగుతోందా? అయితే ఫైబర్ సిగ్నల్ అందడం లేదు. సెట్టింగులు ముట్టుకోవద్దు, కేబుల్ ఆపరేటర్‌కు చెప్పండి.

2. మిగతా సైట్లు వస్తూ ఒక్క సైటే రావట్లేదా? లోపం చాలావరకు ఆ సైటుదే. ఆఖరు రోజున రద్దీ వల్ల ఇలా అవుతుంటుంది. కొంతసేపు ఆగి చూడండి.

3. ఒక్క ఫోన్‌లో లేదా ఒక్క కంప్యూటర్‌లోనే రావట్లేదా? ఆ ఒక్కదాని సెట్టింగ్ చూడండి.

4. ఇంట్లో దేనిలోనూ రావట్లేదా? బాక్సు స్విచ్ ఆపి, ఒక నిమిషం ఆగి మళ్లీ వేయండి. చాలాసార్లు దీంతోనే సరిపోతుంది.

కంప్యూటర్ ఉన్నవాళ్లు ఇంకో పరీక్ష చేయవచ్చు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో 'పింగ్' (పి, ఐ, ఎన్, జి) అని కొట్టి, ఒక ఖాళీ వదిలి 8.8.8.8 కొట్టండి. తర్వాత అలాగే నంబరు బదులు ఏదైనా వెబ్‌సైట్ పేరు కొట్టండి. నంబరుకు జవాబు వచ్చి, పేరుకు 'కుడ్ నాట్ ఫైండ్ హోస్ట్' అని వస్తే లోపం డీఎన్ఎస్‌లోనే.

సరిచేసుకోవడం ఎలా?

ఆండ్రాయిడ్ ఫోన్‌లో: సెట్టింగ్స్‌లోకి వెళ్లి పైన వెతికే చోట 'ప్రైవేట్ డీఎన్ఎస్' అని కొట్టండి. యాడ్స్ రాకుండా చేస్తామన్న వీడియో చూసి కొందరు అక్కడ ఏదో పేరు పెట్టేస్తారు. ఆ సర్వర్ పనిచేయకపోతే వైఫైలోనే కాదు, మొబైల్ డేటాలోనూ సైట్లు రావు. దాన్ని 'ఆటోమేటిక్'కు మార్చండి.

విండోస్ 11 కంప్యూటర్‌లో: సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లో మీ వైఫై లేదా ఈథర్‌నెట్ వివరాలు తెరవండి. 'డీఎన్ఎస్ సర్వర్ అసైన్‌మెంట్' పక్కన 'ఎడిట్' నొక్కి 'ఆటోమేటిక్' పెట్టి సేవ్ చేయండి. తర్వాత కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. ఆటోమేటిక్‌లో పెట్టినా రాకపోతే, అక్కడే 'మాన్యువల్' ఎంచుకుని ఐపీవీ4 ఆన్ చేసి, మొదటి గడిలో 8.8.8.8, రెండో గడిలో 8.8.4.4 పెట్టి చూడండి. ఇవి గూగుల్ అందరికీ ఉచితంగా ఇచ్చే నంబర్లు. మార్చే ముందు పాత నంబరును కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఈ పనులు చేయకండి

బాక్సు వెనక చిన్న రంధ్రంలో పిన్నుతో గుచ్చి రీసెట్ చేయవద్దు. ఆపరేటర్ పెట్టిన కనెక్షన్ వివరాలు కూడా చెరిగిపోవచ్చు. అప్పుడు మనిషి వచ్చి మళ్లీ పెట్టేదాకా నెట్ ఉండదు.

ఎవరో పంపిన తెలియని డీఎన్ఎస్ నంబరు పెట్టుకోవద్దు. ఆ సర్వర్ మోసగాళ్లదైతే, మీరు బ్యాంకు పేరు సరిగ్గానే కొట్టినా నకిలీ పేజీకి తీసుకెళ్లగలదు. 'డీఎన్ఎస్ ఛేంజర్' అనే వైరస్ ఇలాగే దాదాపు 40 లక్షల కంప్యూటర్ల సెట్టింగులు మార్చింది. ఆ ముఠాను 2011లో పట్టుకున్నారు. బ్యాంకు పేజీ తెరిచినప్పుడు బ్రౌజర్ 'సురక్షితం కాదు' అని హెచ్చరిస్తే అక్కడితో ఆగిపోండి, పాస్‌వర్డ్ కొట్టకండి.

డీఎన్ఎస్ మార్చడానికి ఓటీపీ అక్కర్లేదు, ఆధార్ నంబరూ అక్కర్లేదు. ఎవరైనా అడిగితే ఇవ్వకండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఆపరేటర్‌కు ఇలా చెప్పండి

"నెట్ రావట్లేదు" అని మాత్రమే చెబితే వాళ్లు తీగ చూసి వెళ్లిపోవచ్చు. "టీవీ వస్తోంది, ఎర్ర లైటు లేదు, 8.8.8.8కి జవాబు వస్తోంది, ఇంట్లో ఏ ఫోన్‌లోనూ సైట్లు మాత్రం తెరుచుకోవట్లేదు, బాక్సులో డీఎన్ఎస్ చూడండి" అని చెప్పండి. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి.

గడువు దగ్గరపడితే నెట్ బాగయ్యేదాకా ఎదురుచూడకండి. ఫోన్‌లో మొబైల్ డేటా ఆన్ చేసి, హాట్‌స్పాట్‌తో కంప్యూటర్‌కు కలిపి దరఖాస్తు పంపేయండి. అదీ కుదరకపోతే దగ్గరలోని మీసేవకు వెళ్లండి. సెట్టింగ్ రేపైనా సరిచేసుకోవచ్చు, దాటిపోయిన గడువు మాత్రం తిరిగి రాదు.