కంటికి కానరాని వెలుగు

ఆబిడ్సులోని దుకాణములలో పెద్ద నోటు నిచ్చినప్పుడు వర్తకుడు దానిని ఊదారంగు దీపము క్రింద పెట్టి చూచుట మన విద్యార్థులలో అనేకులు గమనించియే యుందురు. పగటి వెలుతురున సాధారణముగ కనబడు నోటు ఆ దీపము క్రింద వేరొక రూపము దాల్చును. దాని సంఖ్య మెరయును. కాగితములో పొదిగిన సన్నని పోగులు వెలుగును. కంటికి కానరాని అతినీలలోహిత కిరణములను సిరా పీల్చుకొని, కనబడు వెలుగుగా మార్చి విడుచుటయే ఇందలి రహస్యము. ఈ గుణమునకు ప్రతిదీప్తి యని పేరు. నకిలీ నోటును పట్టుకొను ఈ యుపాయమే దేహములో దాగిన క్యాన్సరును వెదకుటలో శస్త్రవైద్యులకు తోడ్పడుచున్నది. ఆ సంగతి నిచట వివరింపదలచితిమి.

నాంపల్లి రైల్వే స్టేషను దాటి కొంత దూరము నడచినచో రెడ్ హిల్సు వచ్చును. 1955లో స్థాపింపబడిన మెహ్దీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి అచటనే కలదు. ఆ దారిని పోవునప్పుడెల్ల జిల్లాలనుండి వచ్చినవారు మూటలు దగ్గర పెట్టుకొని కూర్చుండుట మేము చూచుచుందుము. ఎచటనైనను సరే, లోపల శస్త్రచికిత్స జరుగుచుండగా వెలుపల వేచియున్న బంధువుల ప్రశ్న యొక్కటే: “అంతయు తీసివేసిరా?”

ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పుట సులభము కాదు. క్యాన్సరు కణితి రాతివలె విడిగా నుండదు; దాని అంచులు చుట్టునున్న మంచి కండలోనికి వేళ్లవలె ప్రాకును. నాలుకమీది పుండును తీయు వైద్యుని స్థితిని ఊహింపుడు. తక్కువ కోసినచో వ్యాధి మరల మొలకెత్తును; ఎక్కువ కోసినచో రోగి మాటయు మ్రింగుటయు చెడును. వైద్యునికి ఆధారము తన కన్నును, వ్రేలికొనయు మాత్రమే. కోసిన ముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షింతురు గాని, అది ఆ ముక్కను గూర్చి చెప్పునేగాని లోపల మిగిలిన దానిని చూపదు.

ఈ చిక్కునకు విరుగుడుగా మొదట ఉపయోగపడినది ఫ్లోరెసీను అను రంగు. అమెరికాలోని మిన్నెసోటాలో మూర్ అను వైద్యుడు 1940వ దశాబ్దమున దానిని రోగుల రక్తములోనికి ఎక్కించి, మెదడులోని కణితులు వెలుగుటను గుర్తించెను. పిమ్మట ఇండోసయనీన్ గ్రీన్ అనునది వచ్చెను. ఇది ఫోటో ఫిలిములు చేయు కోడక్ కంపెనీ ప్రయోగశాలలలో పుట్టినది. 1959లో అమెరికాలో వైద్యమునకు అనుమతి పొందినది. ఛాయాచిత్రముల కొరకు చేసిన రంగు తుదకు రోగి రక్తములో ప్రవహించుట విచిత్రమే కదా! ఇది సుమారు 800 నానోమీటర్ల కిరణమును పీల్చి సుమారు 830 నానోమీటర్ల కిరణమును విడుచును. మన కన్ను దాదాపు 700 దాటిన వెలుగును చూడజాలదు. కావుననే కెమేరా అవసరమైనది.

ఆ కెమేరా పని మిట్టమధ్యాహ్నపు ఎండలో మిణుగురు పురుగును చూచుట వంటిది. రంగును వెలిగించుటకై కండపై ప్రసరింపజేయు కాంతి మిక్కిలి బలమైనది. రంగు తిరిగి యిచ్చు వెలుగు అత్యల్పము. కావున కటకము వెనుక ఒక వడపోత అద్దమును అమర్చెదరు. అది ప్రసరింపజేసిన కాంతిని అడ్డగించి, రంగు విడుచు వెలుగును మాత్రము లోపలికి పోనిచ్చును. ఒక పట్టకము సాధారణ కాంతిని ఒక ఫలకముపైకిని, పరారుణమును వేరొక ఫలకముపైకిని మళ్లించును. రెండు చిత్రములను ఒకదానిపై నొకటి పరచి తెరమీద చూపుదురు. తెరపై కనబడు పచ్చని మచ్చ నిజమైన రంగు కాదు సుమా! కనరాని వెలుగునకు రంగు లేదు గనుక యంత్రము పెట్టిన గుర్తు అది. గదిలోని దీపములందును పరారుణ ముండవచ్చును గనుక, పెక్కుచోట్ల పెద్ద దీపములను తగ్గించి చూడవలసి వచ్చును.

పట్టకము వేడికి ఒకింత కదలినను రెండు చిత్రములును సరిగా ఒదుగవు. అప్పుడు తెరపై మచ్చ ఒకచోట, కణితి మరియొకచోట! ఈ లోపమును పోగొట్టుటకై అమెరికాలోని ఇల్లినాయీ విశ్వవిద్యాలయమున గ్రూయెవ్ అను ఆచార్యుని బృందము మార్ఫో అను సీతాకోకచిలుక కంటిని అనుసరించి, పట్టకము లేకయే ఒకే ఫలకముపై రెండు వెలుగులను పట్టు కెమేరాను 2018లో ప్రకటించెను.

అయితే కెమేరా ఎంత మంచిదైనను రంగు చేరినచోటునే చూపగలదు. ఇండోసయనీన్ గ్రీన్ క్యాన్సరును ఎరుగదు. అది రక్తము వెంటను, శోషరసము వెంటను పోవును, వాపున్నచోటను వెలుగును. రొమ్ము క్యాన్సరులో వ్యాధి మొదట ప్రాకు శోషరస గ్రంథి యేదో తెలియజేయుటకు ఇది మేలుగా పనిచేయునుగాని, కణితికిని కండకును నడుమ గీత గీయుమన్నచో తడబడును. మరియు సుమారు ఒక సెంటీమీటరుకంటె లోతున నున్నదానిని చూపజాలదు. మెదడు కణితులకు వేరొక మందు కలదు. దానిని త్రాగించిన పిదప నీలి కాంతిలో కణితి ఎఱ్ఱగా వెలుగును. 2006లో జర్మనీ దేశపు వైద్యులు ప్రకటించిన పరీక్షలో ఈ పద్ధతివలన నూటికి 65 మందిలో కనబడు కణితి పూర్తిగా తీయబడినది. మామూలు కాంతిలో 36 మందిలోనే.

ఇక క్యాన్సరును వెదకుకొని పోవు రంగు సంగతి. ఇందు తెలుగువారు ఆసక్తితో వినదగిన మాట యున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలకు నాయకులై యుండగా, 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమను విటమినును కృత్రిమముగ తయారుచేసెను. అండాశయ క్యాన్సరు కణములలో చాల భాగము ఈ విటమినును పట్టుకొను కొక్కెములను తమ పైపొరపై అధికముగ మొలపించుకొనును. పర్డ్యూ విశ్వవిద్యాలయమునందలి ఫిలిప్ లో అను ఆచార్యుడు ఆ యాశనే ఎరగా చేసెను. ఫోలిక్ ఆమ్లమును పోలిన అణువునకు పరారుణమున వెలుగు రంగును తగిలించినచో, ఎరతో పాటు దీపమును కణము మ్రింగును. పాఫోలాసియానిన్ అను ఈ మందునకు 2021లో అండాశయ క్యాన్సరునకును, 2022లో ఊపిరితిత్తులకును అమెరికాలో అనుమతి లభించెను. అండాశయ పరీక్షలో 134 మంది స్త్రీలలో నూటికి దాదాపు 27 మందికి, కంటికిని చేతికిని అందని క్యాన్సరు ముక్క కనీస మొక్కటైనను ఈ వెలుగులో బయటపడినది.

ఈ మందు పుచ్చుకొనువారు ముందుగా 48 గంటలపాటు ఫోలిక్ ఆమ్లపు మాత్రలు మానవలెను. లేనిచో ఆ కొక్కెములను మాత్రయే ముందుగా ఆక్రమించును. దీపమునకు చోటు దొరకదు.