గిలక లెక్క తెలిస్తే గేదె గట్టెక్కుతుంది

సఖినేటిపల్లి: భీష్మ ఏకాదశినాడు అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి రథం మోకు పట్టుకోవడానికి జనం పోటీ పడతారు. 2020లో పాత రథం అగ్నికి ఆహుతి కాగా, 2021 నుంచి కొత్త రథం తిరుగుతున్నది. అంతటి రథం కదిలేది వేల చేతుల బలంతోనే. మరి మన దొడ్లో పాడి గేదె నూతిలో పడితే అన్ని చేతులు ఎక్కడివి? అటువంటప్పుడు ఆదుకునేది గిలక. బరువులెత్తే పనివారు దీనినే కప్పీ అంటారు.

ఒంటి గిలకతో బలం పెరగదు

నూతిమీద బిగించిన ఒంటి గిలక బరువును తగ్గించదు. పది కిలోల చేదను తోడాలంటే పది కిలోల బలమూ పెట్టవలసిందే. కాకపోతే తాడును కిందికి లాగుతాము గనుక మన ఒంటి బరువు తోడై పని సులువనిపిస్తుంది.

బరువు నిజంగా తగ్గాలంటే, మరో గిలకను బరువుకే తగిలించాలి. తాడు కొసను పై దూలానికి కట్టి, కింది గిలక చుట్టూ తిప్పి, పై గిలకమీదుగా తెచ్చి లాగాలి. అప్పుడు బరువును రెండు వరుసల తాడు మోస్తుంది. సగం దూలానిది, సగం మనది. పైన రెండు, కింద రెండు గిలకలుంటే నాలుగు వరుసలు. మన వంతు నాలుగో వంతే.

గ్రీకుల కాలంలో ఆర్కిమెడీస్ సరుకు నింపిన ఓడను గిలకలతో ఒక్కడే లాగాడని ప్లూటార్క్ రాశాడు. అక్కడా ఇదే లెక్క.

దూలం జాగ్రత్త

గేదె 400 కిలోలు ఉందనుకుందాం. నాలుగు వరుసలతో 100 కిలోల లాగుడు చాలు. అయితే పది అడుగులు లేపడానికి నలభై అడుగుల తాడు లాగాలి. ఇరుసు తుప్పు పట్టి ఉంటే ఇంకా బలం కావాలి గనుక ముందే నూనె వేయాలి.

చాలామంది మరిచేది దూలం సంగతి. ఒంటి గిలకతో కిందికి లాగితే గేదె బరువు 400, మన లాగుడు 400, కలిపి 800 కిలోలు దూలంమీదే పడతాయి. నాలుగు వరుసలైతే 500తో సరి. తాడును పక్కకు ఈడ్చితే దూలం అటే ఒరుగుతుంది.

నీళ్లలో ఉన్నంతసేపు గేదె తేలికగా ఉంటుంది. నీళ్లు దాటగానే బరువంతా ఒక్కసారి తాడుమీదికి వస్తుంది. తాళ్లు తెగేదీ, చేతులు జారేదీ అప్పుడే. అందుకే వెనక ఒకరు తాడును కొబ్బరిచెట్టుకు రెండు మూడు చుట్లు వేసి, వచ్చిన తాడు వచ్చినట్టు బిగిస్తూ ఉండాలి. ఎవ్వరూ తాడును చేతికి చుట్టుకోరాదు, బరువు కింద నిలబడరాదు. గేదెకు మెడలో ఉచ్చు వేయక, పొట్టకింద గోనెలు పరచి వెడల్పుగా కట్టాలి.

పాడి గేదె పోతే ఇల్లు గడవడం కష్టమైన కుటుంబాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. నాలుగు గిలకలు, ఒక గట్టి మోకు ఊరుమ్మడిగా రామాలయం వద్ద ఉంచుకుంటే, ఆపద వేళ ఊరంతా పరుగులు తీయనక్కరలేదు.