చెత్తతో నిండే ఎత్తు మడి

బెంగళూరులో పెరటి మడికి మట్టి కొనవలసి రావడం పలువురిని తోటపనికి దూరం చేస్తున్నది. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు గల మడికి 12 ఘనపుటడుగుల మట్టి పడుతుంది. అయితే మెంతికూర, పాలకూర వంటి ఆకుకూరలకు పై అరడుగు మట్టి చాలును. మిగిలిన అడుగును వ్యర్థాలతో నింపితే కొనవలసినది 4 ఘనపుటడుగులే.

అట్టడుగున ఎండు కొమ్మలు, చీల్చిన కొబ్బరి బోండాల డొప్పలు పరచాలి. వాటిపై తడిపిన ఎండుటాకులను, కూరగాయల తొక్కలను పొరలుగా వేసి అణచాలి. కొమ్మలను పైమట్టిలో కలపరాదు. అవి కుళ్లునపుడు మొక్కలకు దక్కవలసిన నత్రజని తగ్గుతుంది. వండిన అన్నం, మాంసం వేసినచో ఎలుకలు చేరుతాయి. అన్నిటికంటె పైన మట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి పోయాలి.

వ్యర్థాలు కుళ్లేకొద్దీ మడి కుంగుతుంది. ప్రతి పంటకు ముందు ఎరువుతో పూడ్చాలి. తడిసిన మడి వందల కిలోల బరువు తూగుతుంది గనుక, మేడపై అమర్చేముందు ఇంజనీరు సలహా తప్పనిసరి.

ఎండుటాకులను వీధిలో తగులబెట్టడాన్ని 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు నిషేధించాయి. కాలిస్తే పొగయ్యే ఆ ఆకులే మడిలో ఆకుకూరకు ఎరువవుతాయి.