చెక్క గోడ నేలకి బిగించేముందు కింది పట్టీ సంగతి చూడండి

ఈరోజు కోడింగ్ లేదు, డ్రిల్లింగ్ ఉంది. హాల్లో ఒక మూల చెక్క ఫ్రేమ్ నిలబెట్టి, ప్లైవుడ్ కొట్టించి చిన్న రూమ్ చేసుకుంటాం కదా, ఆ గోడ గురించి.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వరద సింగ్‌నగర్‌ని ముంచింది గుర్తుందా? మా బాబాయి వాళ్లింట్లో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. నీళ్లు తీశాక ఇటుక గోడలు బానే ఉన్నాయి, పార్టిషన్ మాత్రం కాలితో తోస్తే ఊగింది. ప్లైవుడ్ ఉబ్బి పొరలుగా విడిపోయింది, సరే, అది కనపడేదే. కానీ నేల మీద పడుకుని ఉండే కింది పట్టీ ఊడదీస్తే అడుగున మొత్తం నల్లగా, మెత్తగా ఉంది. చెదలు తిన్న గాళ్లు కూడా ఉన్నాయి. అంటే కుళ్లు వరదతో మొదలవలేదు, ముందు నుంచే ఉంది.

కాంక్రీట్ రాయిలా కనిపిస్తుంది గానీ, దీపం వత్తి నూనె పీల్చినట్టు కింద నుంచి తడి పీలుస్తుంది. డెల్టాలో గ్రౌండ్ ఫ్లోర్ అంటే చెప్పక్కర్లేదు. అందుకే పట్టీకి, ముఖ్యంగా కోసిన చివర్లకి, చెదల మందు పట్టించండి. పట్టీకీ నేలకీ మధ్య మందపాటి పాలిథిన్ షీట్ వేయండి.

ఇప్పుడు బిగించడం. ‘స్టీల్ మేకులు కొట్టేస్తే చాలు తమ్ముడూ’ అంటారు కార్పెంటర్లు. తలుపు పది సార్లు గట్టిగా వేస్తే ఆ మేకులు వదులైపోతాయి. యాంకర్ ఫాస్టనర్లు వాడండి. ఇక్కడే నేను పొరపాటు చేశా. మన ఇళ్లలో నేల అంటే నేరుగా కాంక్రీట్ కాదు. పైన టైల్, దాని కింద ఇసుక సిమెంట్ మాలు, ఆ తర్వాతే కాంక్రీట్. నేను పెట్టిన పొట్టి ఫాస్టనర్ మాలులోనే ఆగిపోయి, నట్ బిగిస్తుంటే పైకి లేచొచ్చింది. కాబట్టి పట్టీ, టైల్, మాలు దాటి కాంక్రీట్‌లో కనీసం 2 అంగుళాలు దిగేంత పొడవుది కొనండి. టైల్ దాటేదాకా డ్రిల్‌లో హ్యామర్ మోడ్ ఆపండి, లేకపోతే టైల్ పగులుతుంది. రంధ్రంలో దుమ్ము సైకిల్ పంపుతో ఊదేయండి, దుమ్ముంటే ఫాస్టనర్ పట్టదు. కళ్లద్దాలు మర్చిపోకండి. అపార్ట్‌మెంట్ పై ఫ్లోర్ అయితే స్లాబ్‌లో కింది ఇంటి కరెంటు పైపులు ఉంటాయి, కనుక్కోకుండా డ్రిల్ పెట్టొద్దు.

పట్టీ రెండు చివర్లకి దగ్గర్లో ఒక్కొక్కటి, తలుపు సందుకి అటూ ఇటూ ఒక్కొక్కటి, మధ్యలో రెండు మూడడుగులకొకటి. నిలువు కొయ్యలు సెంటర్ నుంచి సెంటర్‌కి 2 అడుగులు, అప్పుడే 4 అడుగుల షీట్ అంచు సరిగ్గా కొయ్య మధ్యలో పడుతుంది. నిలువు చూడ్డానికి తూకం గుండు, అడ్డం చూడ్డానికి రసమట్టం. అంతే, ఇందులో కష్టం లేదు.

మళ్లీ బాబాయి దగ్గరికి. కొత్త గోడకి ప్లైవుడ్ రెండు ముక్కలుగా వేయించా. కింది 3 అడుగులు విడిగా, జిగురు లేకుండా స్క్రూలతో. అది కూడా నేలకి అరంగుళం పైన ఆగుతుంది, సందుకి పీవీసీ స్కర్టింగ్. ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర చూసి తీసుకున్నా, ఖర్చు ఎక్కువే. నీళ్లొస్తే స్క్రూలు విప్పి ముక్క తీసేస్తే ఫ్రేమ్‌కి గాలి తగిలి ఆరుతుంది. ‘మళ్లీ వస్తుందనేగా ఇదంతా’ అన్నాడు బాబాయి. అవునన్నా.

అద్దె ఇల్లయితే టైల్‌కి రంధ్రం పెట్టేముందు ఓనర్‌ని అడగండి. వద్దంటే వదిలేయండి, అడ్వాన్స్‌లో కోస్తారు.