తెర మీది అంకెలు, మెమరీలోని సంఖ్య

ఫోన్ తెర మీద కనిపించే 347, ఫోన్ మెమరీలో ఉండే 347 ఒకటి కావు. మెమరీలో ఉన్నది కూడికలకూ తీసివేతలకూ పనికొచ్చే సంఖ్య, అంటే 101011011 అనే బిట్ల వరుస. తెర మీద ఉన్నవి మూడు అక్షరాలు. యూనికోడ్‌లో ఆ అక్షరాలకు వేరే కోడ్‌లున్నాయి: 0కి 48, 1కి 49, అలా 9కి 57 దాకా. సంఖ్యను ఈ అక్షరాల వరుసగా, అంటే స్ట్రింగ్‌గా, మార్చాకే యాప్ దాన్ని చూపించగలదు.

మార్చే పద్ధతి బడి లెక్కే. 347ని 10తో భాగిస్తే శేషం 7. దానికి 48 కలిపితే 55, అది 7 అనే అక్షరం కోడ్. భాగఫలం 34ని మళ్లీ 10తో భాగిస్తే శేషం 4, కోడ్ 52. మిగిలిన 3కి కోడ్ 51. అంకెలు ఒకట్ల స్థానం నుంచి పుట్టాయి కాబట్టి చివర్లో వరుస తిరగేయాలి. 48 బదులు 3174 కలిపితే అదే లెక్క ౩౪౭ అని తెలుగు అంకెల్లో వస్తుంది. తెలుగు సున్నా కోడ్ అదే మరి.

ఈ పనంతా కోట్లిన్‌లో టు-స్ట్రింగ్, జావాలో వాల్యూ-ఆఫ్ అనే ఫంక్షన్లు చేసిపెడతాయి. జావాలో ఖాళీ కోట్స్‌కు సంఖ్యను కలిపినా పని జరుగుతుంది. ఎందుకు జరుగుతుందో తెలియకుండా దాన్ని మంత్రంలా వాడేవాళ్లూ ఉంటారు. ఆండ్రాయిడ్‌లో ఆ మంత్రం మరిచిపోతే యాప్ క్రాష్ అవుతుంది. తెర మీద రాతను చూపించే టెక్స్ట్‌వ్యూలోని సెట్‌-టెక్స్ట్‌కు నేరుగా 347 ఇస్తే, అది దాన్ని చూపించాల్సిన విలువ అనుకోదు, యాప్‌లో దాచిన ఏదో వాక్యం ఐడీ అనుకుని వెతుకుతుంది. ఆ ఐడీతో ఏదీ దొరకదు. పూర్ణసంఖ్యను తీసుకునే రూపం సెట్‌-టెక్స్ట్‌కు నిజంగానే ఉంది కాబట్టి కంపైలర్ కూడా అడ్డు చెప్పదు.

దశాంశాలది మరో చిక్కు. 0.1, 0.2 కలిపి ఉన్నదున్నట్టు స్ట్రింగ్‌గా మారిస్తే 0.30000000000000004 వస్తుంది. డబ్బును పైసల్లో పూర్ణసంఖ్యగా దాచుకుంటే ఈ బెడద ఉండదు.

చదివేది ఎవరన్నదీ ముఖ్యమే. లొకేల్ అంటే ప్రాంతాన్ని బట్టి రాసే తీరు: భారతీయ లొకేల్ 12,34,567 అని, అమెరికా లొకేల్ 1,234,567 అని రాస్తాయి. జర్మన్‌లో దశాంశ బిందువు ఉండాల్సిన చోట కామా ఉంటుంది. అందుకే మనుషులకు చూపించే స్ట్రింగ్‌కు వాళ్ల లొకేల్ వాడాలి, సర్వర్‌కు పంపేదానికి ఎక్కడా మారని లొకేల్ వాడాలి.

అసలు మార్పిడి జోలికే పోకూడనివీ ఉన్నాయి. ఓటీపీ 0472ని సంఖ్యగా దాచి మళ్లీ స్ట్రింగ్ చేస్తే 472 అవుతుంది. ఓటీపీలనూ ఫోన్ నంబర్లనూ ఎవరూ కూడరు, తీసివేయరు. వాటిని మొదటి నుంచీ స్ట్రింగ్‌గానే ఉంచాలి.