మాటతో మొదలయ్యే గది

కొండాపురం, ఉదయగిరి, ఆత్మకూరు... నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఎవరు కొత్త ఇల్లు మొదలుపెట్టినా ముందు చర్చ టైల్స్ గురించే. సెల్‌ఫోన్‌లో ఫొటో చూపించి, "ఇట్టా చేసిపెట్టు మేస్త్రీ" అంటారు. ఆ ఫొటోలోని ఇల్లు ఏ చలిదేశానిదో! మెట్ట ఎండలు దానికేం తెలుసు?

మంచి డిజైనర్లు ఫొటో కంటే ముందు ఒక మాట అడుగుతారు. ఆ గదిలో అడుగుపెడితే ఏమనిపించాలి? "రిచ్‌గా" అంటే మేస్త్రి చేతికి పని దొరకదు. "నీడ" అంటే మాత్రం సగం ఇల్లు అక్కడే తేలిపోతుంది. పడమటి గోడకు పెద్ద కిటికీ ఉండదు, తప్పదనుకుంటే దాని మీద సన్‌షేడ్ బాగా ముందుకు వస్తుంది. వెలుగును కళ్లలోకి కొట్టే మెరుపు టైల్స్ పోయి, పక్క జిల్లా నుంచి కడప బండలు వస్తాయి. మధ్యాహ్నం దాటాక తూర్పు పంచలో నీడ పడుతుంది కాబట్టి కుర్చీలు అక్కడికి చేరతాయి. గోడ రంగు గురించి అడిగేది ఇవన్నీ అయ్యాకే.

ప్రపంచం మెచ్చిన కట్టడాలూ ఇలాగే పుట్టాయి. స్విట్జర్లాండ్‌లోని వాల్స్ అనే కొండ ఊళ్లో 1996లో తెరిచిన స్నానశాలకు వాస్తుశిల్పి పీటర్ జుమ్‌థార్ పట్టుకున్నవి మూడే మాటలు: కొండ, రాయి, నీరు. ఆ ఊరి రాతినే పలకలుగా కోయించి పొరలు పొరలుగా పేర్చాడు. కప్పులోని సన్నని చీలికల గుండా వెలుగు గోడ వెంట జారుతుంది. లోపలికి వెళ్లినవారు కొండ కడుపులోకి దిగినట్టే ఉంటుంది. దుర్గం నీడన ఉదయగిరి, సోమశిల జలాశయం ఉన్న ఈ నేలకు ఆ మూడు మాటలూ కొత్తవి కావు.

1930లో సికింద్రాబాద్‌లో పుట్టిన వాస్తుశిల్పి చార్లెస్ కొరియా జైపూర్ జవహర్ కళా కేంద్రానికి 'నవగ్రహాలు' అనే భావన తీసుకున్నారు. తొమ్మిది చదరాలు, ఒక్కో గ్రహానికి ఒకటి. గురువు చదరంలో గ్రంథాలయం, శుక్రుడి చోట నాటకశాల. నడుమ సూర్యుడి చదరానికి కప్పే లేదు, మెట్లు దిగే ఖాళీ ఆవరణ. ఏ గదికి ఏ పని, ఎంత వెలుగు అన్నది ఆ భావనే తేల్చింది. గోడకు గ్రహాల బొమ్మలు అతికించి ఊరుకుని ఉంటే అది అలంకారంగానే మిగిలేది.

వంటగదికి "చేతిపని" అనే మాట పెట్టుకుంటే? ఉదయగిరి కొయ్య గరిటెలు దగ్గరలోనే దొరుకుతాయి. నర్ది, బిక్కి వంటి కొయ్యతో చేసే వీటి పిడుల మీద జాలీలాంటి సన్నని చెక్కడం కనిపిస్తుంది. సొరుగులో పడేస్తే ఆ పనితనం ఎవరికి తెలుస్తుంది? పైగా కడిగిన కొయ్యకు గాలి తగలాలి, తడిగా మూసిపెడితే బూజు పడుతుంది. కాబట్టి పొయ్యి పక్క గోడకు ఒక బద్ద, దానికి నాలుగు కొక్కేలు కావాలి. మాడ్యులర్ కిచెన్‌లో ఒక అర తగ్గినా నష్టం లేదు.

అయితే ఆ మాట పునాది నాడే ప్లాన్ కాగితం మీదికి ఎక్కాలి. కిటికీల చోటు గోడ లేచేటప్పుడే ఖాయమవుతుంది. ప్లాస్టరింగ్ అయ్యాక "నీడ" కావాలంటే మేస్త్రి చేయగలిగింది పెద్దగా ఉండదు, కర్టెన్ల కొట్టుకు పంపడం తప్ప.